స్నేహలత ‘ఆగిన’ అన్న రోజు

కాలేజీ గేటు మీద ఆ సోమవారం కొత్త ఫ్లెక్సీ వెలిసింది. ‘తోటి విద్యార్థే తొలి గురువు’ అని మూరెడు పొడుగు అక్షరాలు, వాటి కింద నలుగురు ర్యాంకర్ల నవ్వు ముఖాలు. పీర్ ట్యూటర్లట. ఫస్టియర్ పిల్లలకు పాఠం అర్థం కాకపోతే పక్కన కూర్చుని చెప్పే సీనియర్లన్నమాట. వరంగల్ స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి వచ్చిన స్నేహలత గేటు ముందు నిలబడి ఆ నాలుగు ముఖాలనూ ఒకటికి రెండుసార్లు చూసింది. వాళ్ళలో ముగ్గురు పన్నెండో నంబరు గది గడప కూడా తొక్కలేదు. నాలుగోవాడు శశాంక్, బజార్లో బట్టల దుకాణం వాళ్ళబ్బాయి. ఒకసారి చాక్‌పీసు కోసం వచ్చి, తీసుకుని వెళ్ళిపోయాడు.

పదకొండు వారాలుగా ఆ గదిలో నలభై మూడు మంది ఫస్టియర్ బీయస్సీ పిల్లలకు లెక్కలు చెబుతున్నది స్నేహలత. ఆమె ఫొటో ఫ్లెక్సీలో లేదు. ఫొటో పోతే పోయింది, దాని మీద ఆమెకు మోజు లేదు. ఆమె కడుపు మండింది వేరే మాటకు. తోటి విద్యార్థి తొలి గురువైతే, మరి అసలు గురువు ఏడి? సెమిస్టర్ పరీక్షలకు ఆరు వారాలుంది. ఆ పిల్లలకు లెక్కల లెక్చరర్ లేడు. లేడన్న సంగతి ఫ్లెక్సీలో రాయలేదు.

స్నేహలతది కేసముద్రం. తండ్రి యాకయ్య అక్కడి మార్కెట్ యార్డులో హమాలీ. ముప్పై ఏళ్ళుగా వడ్లు, మక్కలు, పత్తి ఆయన భుజం మీదుగానే లారీలు ఎక్కాయి. ఆ యార్డు హమాలీల దగ్గర ఒక కట్టుబాటు ఉంది. బస్తా ఎత్తుకుని లారీకి ఆనించిన చెక్క ఎక్కుతున్న మనిషికి మోకాళ్ళు వణికితే వాడు ‘ఆగిన’ అని, అంటే ఆగిపోయానని, అరవాలి. అంతే, ఎవడు దగ్గరుంటే వాడు చేతిలో పని వదిలేసి వచ్చి బస్తా కింద భుజం పెట్టాలి. నవ్వకూడదు, ఎగతాళి చేయకూడదు, తర్వాత కల్లు దగ్గర ఆ మాట ఎత్తకూడదు. చిన్నప్పుడు తండ్రికి అన్నం గిన్నె తీసుకెళ్ళినప్పుడల్లా స్నేహలత ఆ కేక వినేది.

ఊళ్ళో తెలుగు మీడియం చదివి, ఇంటర్ గట్టెక్కి, ఈ కాలేజీలో బీయస్సీ లెక్కల్లో చేరింది. చేరిన మొదటి సెమిస్టర్‌లోనే లెక్కల పేపరు తప్పింది. తప్పక ఏం చేస్తుంది? పాఠమంతా ఇంగ్లిషులో. ‘అర్థమైందా?’ అని అడిగితే అరవై గొంతులు ఒక్కసారిగా ‘అర్థమైంది సార్’ అంటాయి. ఆ అరవైలో ఒక గొంతు తనది కూడా. అర్థమైంది మాత్రం సున్నా.

అప్పుడు లెక్కలు చెప్పేది వీరభద్రం సార్. మనిషి కోపిష్టి, మనసు మంచిది. ఫెయిలైన పిల్లలను వరసగా పిలిచి ‘ఏం అర్థం కాలేదు?’ అని అడుగుతుంటే అందరూ నేల చూపులు చూశారు. స్నేహలత పుస్తకం తెరిచి ఒక లైను మీద వేలు పెట్టింది.

“ఇగో సార్, ఈడ ఆగిన.”

సార్ ఆ వేలిని చూశాడు, ఆ పిల్లను చూశాడు.

“ఇరవై తొమ్మిదేండ్ల సర్వీసుల ఇట్ల చెప్పిన పిల్లవు నువ్వే బిడ్డా. కూసో. ఆగిన కాడి నుంచే పోదాం.”

రెండోసారి రాసి అరవై ఏడు మార్కులు తెచ్చుకుంది. రెండో ఏడాదికి వచ్చాక సార్ ఆమెను పీర్ ట్యూటర్‌ని చేశాడు. ఫస్ట్ ర్యాంకు పిల్లలుండగా తప్పిన పిల్ల ఎందుకని స్టాఫ్ రూములో ఎవరో గొణిగితే, ర్యాంకు పిల్లలు ఎక్కడా ఆగలేదు కాబట్టి పిల్లలెక్కడ ఆగుతారో వాళ్ళకు తెలియదని మొహం మీదే చెప్పాడు. పద్ధతి తేలిక. పొద్దున సార్ పాఠం. సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా పన్నెండో నంబరు గదిలో స్నేహలత. అక్కడ ‘అర్థమైందా’ అన్న మాట నిషేధం. ఎవరికెక్కడ బండి నిలిచిపోయిందో వాళ్ళు లేచి, వేలు పెట్టి, ‘ఆగిన’ అనాలి. ఎవరూ నవ్వకూడదు. స్నేహలతకూ తెలియనిది వస్తే చీటీ మీద రాసుకుని మర్నాడు సార్‌ని అడిగేది. ఆ గంట కోసం పిల్లలు బస్సులు వదులుకున్నారు. ఆ ఏడాది ఫస్టియర్‌లో లెక్కలు తప్పినవాళ్ళు ముగ్గురే.

ఈ ఏడాది ఆగస్టు చివర్లో వీరభద్రం సార్ రిటైరయ్యాడు. దండలేశారు, శాలువా కప్పారు, ఫొటోలు దిగారు. ఆయన కుర్చీలో మాత్రం ఎవరినీ కూర్చోబెట్టలేదు. శాఖాధిపతి రాజేశ్వర్ రావు సార్ మర్నాడు స్నేహలతను పిలిచాడు.

“కొన్ని రోజులు మేనేజ్ చెయ్యమ్మా. కొత్త సార్ వస్తడు.”

“పాఠం గూడ నేనే చెప్పాల్నా సార్?”

“ఎట్లయినా సాయంత్రం చెప్తనే ఉన్నవ్ గదా. అదేదో పొద్దున గూడ చెప్పు.”

చూశారా తెలివి! పక్కన కూర్చుని చేయి అందించే పిల్ల నెత్తిన పాఠం మొత్తం పెట్టి చేతులు దులుపుకోవడం ఎంత సులువో. ఆ పిల్లకూ థర్డియర్ పరీక్షలున్నాయని, ఆమెకూ క్లాసులున్నాయని ఎవరూ పట్టించుకున్న పాపాన పోలేదు. కొన్ని రోజులన్నవి వారమయ్యాయి, నెలయ్యాయి. దసరా వచ్చి వెళ్ళింది. కొత్త సార్ రాలేదు. అడిగినప్పుడల్లా రాజేశ్వర్ రావు సార్ నవ్వుతూ భుజం తట్టేవాడు.

స్నేహలత పొద్దున ఆరింటి ప్యాసింజర్లో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తను చెప్పాల్సిన పాఠం తనే చదువుకునేది. తనకు తెలిసినంత మేరకు బాగానే చెప్పింది. రెండు సంగతుల మీద ఆధారపడినదాన్ని ఒక్కొక్కదాని వైపు నుంచి ఎలా చూడాలో చెప్పే పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద పత్తి నింపిన బోరెం సంచి గీసింది.

“పత్తి ధర తేమను బట్టి ఉంటది, పింజ పొడుగును బట్టి ఉంటది. రెండు ఒక్కపారి కదిలితే మనకు ఏం తెల్వది. పింజను గట్లనే ఉంచు. తేమను ఒక్కదాన్నే జర పెంచు. ధర ఎంత పడ్డది? గదే మనం చేసే లెక్క.”

మొదటి బెంచీలో కూర్చునే సారలమ్మ అనే పిల్ల ఆ రోజు నవ్వింది. ఖిలా వరంగల్ నుంచి రోజూ సైకిల్ మీద వస్తుంది. మేడారం జాతర జరిగిన ఏడు పుట్టిందని ఇంట్లో ఆ పేరు పెట్టారు. కాలేజీలో చేరిన మొదటి నెల ఆ పేరు చెప్పడానికి సిగ్గుపడి ‘సరళ’ అని చెప్పుకుంది. తల్లి కోట గుమ్మం దగ్గర జామకాయలు అమ్ముతుంది. ఈ సెమిస్టర్ తప్పితే చదువు మాన్పించి తనను కూడా బండి దగ్గర నిలబెడతారని స్నేహలతకు ఒక్కదానికే చెప్పింది.

అక్టోబర్‌లో మొదటి ఇంటర్నల్ పరీక్ష జరిగింది. పేపర్లు దిద్దమని వేరే కాలేజీ లెక్చరర్‌కు పంపారు. తిరిగి వచ్చిన కట్ట విప్పి చూసిన స్నేహలతకు తల కొట్టేసినట్టయింది. పది మార్కుల ప్రశ్నకు నలభై మూడు మందీ ఒకే తప్పు చేశారు. ఒకే లైను దగ్గర, ఒకే రకంగా. సూత్రం సరైనదే, దాన్ని వాడకూడని చోట వాడారు. వాళ్ళెందుకు అలా వాడారు? బోర్డు మీద ఆమె అలాగే చేసి చూపింది కాబట్టి. ఆ రోజు ఆమెకు లోపల అనుమానం వచ్చింది కూడా. చీటీ మీద రాసుకుంది. చీటీ తీసుకుని ఎవరి దగ్గరకు వెళ్ళాలి? ఆ చీటీ ఇంకా పెన్సిల్ డబ్బాలోనే ఉంది.

పన్నెండో నంబరు గదిలో ఖాళీ బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. ఏడుపు తగ్గాక కోపం వచ్చింది, అది ముందు తన మీద, తర్వాత ఆ ఖాళీ కుర్చీ మీద. పేపర్ల కట్ట పట్టుకుని రాజేశ్వర్ రావు సార్ గదికి వెళ్ళింది.

“సార్, నేను తప్పు చెప్పిన. పిల్లలు నలభై మూడు మంది తప్పు రాసిన్రు. ఇగ నాతోని గాదు సార్. మనిషిని తీసుకరాండ్రి.”

ఆయన పేపర్లు తిరగేసి పక్కన పెట్టాడు.

“దీనికే ఏడ్తరా? ఇంటర్నల్ మార్కులు మన చేతుల ఉన్నయే. అందరికి తలా పది కలుపుదాం. ఫికర్ చెయ్యకు.”

“సెమిస్టర్ పరీక్షల ఎవరు కలుపుతరు సార్?”

ఆయన మాట మార్చాడు. నవంబర్ పద్దెనిమిదిన తనిఖీ కమిటీ వస్తున్నదట. పీర్ ట్యూటర్ పద్ధతి చూపిస్తే కాలేజీకి మంచి గ్రేడ్ వస్తుందట. ఆ రోజు బోర్డు దగ్గర శశాంక్ నిలబడతాడు, వాడి ఇంగ్లిషు బాగుంటుంది. ఫిజిక్స్ చెప్పే ఓంప్రకాశ్ సార్ లెక్కల లెక్చరర్‌గా కుర్చీలో కూర్చుంటాడు. స్నేహలత చివరి బెంచీలో కూర్చోవాలి. ఎవరేం అడిగినా పిల్లలంతా ‘అర్థమైంది మేడం’ అనాలి, అది ఆమే నేర్పాలి.

“తనిఖీ అయినంక కొత్త సార్ సంగతి చూద్దాం. నీ ప్రాజెక్టు మార్కులు గూడ నా దగ్గరనే ఉన్నయ్ బిడ్డా, మంచిగనే ఏస్త” అన్నాడు చివర్లో, పంచదార కలిపినట్టు.

బెదిరింపును కూడా బిడ్డా అని పిలిచి చేయడం పెద్దమనుషులకే చెల్లింది. స్నేహలత పేపర్ల కట్ట తీసుకుని బయటికొచ్చింది.

పద్దెనిమిదో తారీఖు పొద్దున యాకయ్య కూతురిని సైకిల్ మీద స్టేషన్‌కు తీసుకొచ్చాడు. దారి పొడుగునా ఆమె పెన్సిల్ డబ్బా మూత తీస్తూ వేస్తూ కూర్చుంది. ప్లాట్‌ఫారం మీద బల్ల మీద కూర్చోబెట్టి అడిగాడు.

“ఏమాయె బిడ్డా? పానం మంచిగ లేదా?”

చెప్పింది. లెక్కల సంగతులు ఆయనకు తెలియవు గాని, మిగిలినదంతా అర్థమైంది. బీడీ వెలిగించబోయి జేబులో పెట్టుకున్నాడు.

“మేం మూట మోసేటోళ్ళం. మా కాడ గూడ ఒక్కని మీద రెండు మూటలు ఎయ్యరు. నువ్వు ఆగినవా?”

“ఎప్పుడో ఆగిన బాపూ.”

“మరి అర్వలేదేంది?”

రైలు వచ్చింది.

పదకొండు గంటలకు కమిటీ పన్నెండో నంబరు గదికి వచ్చింది. ముగ్గురు. పెద్దావిడ పేరు కళావతి, ఎక్కడో యూనివర్సిటీలో లెక్కల ప్రొఫెసరట. ఇస్త్రీ చేసిన చొక్కాలో శశాంక్ బోర్డు దగ్గర, కుర్చీలో బిగుసుకుపోయిన ఓంప్రకాశ్ సార్, పక్కన చేతులు కట్టుకుని నవ్వుతూ రాజేశ్వర్ రావు సార్. చివరి బెంచీలో స్నేహలత. శశాంక్ పది నిమిషాలు ఇంగ్లిషులో గడగడా చెప్పాడు. వాడికి పాఠం వచ్చు, అందులో అబద్ధం లేదు. పిల్లల వైపు మాత్రం ఒక్కసారీ తిరగలేదు.

కళావతి మేడం అంతా విని, పిల్లల వైపు తిరిగి తెలుగులో అడిగింది.

“ఏమమ్మా, ఎట్లుంది? అర్థమైందా?”

రాజేశ్వర్ రావు సార్ కనుబొమలు పైకెత్తాడు. అది పిల్లలకు సైగ. నలభై మూడు నోళ్ళు తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. స్నేహలత వాళ్ళకు ఆ మాట నేర్పలేదు, ‘అర్థమైంది అనుండ్రి’ అని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ గదిలో ఆ మాట అనడం వాళ్ళకు అలవాటు లేదు. అలవాటున్నది వేరొకటి. మొదటి బెంచీలో సారలమ్మ, ఎదురుగా ఉన్నది ఎవరో, పక్కన ఉన్నది ఎవరో ఆలోచించకుండా, రోజూ లేచినట్టే లేచి బోర్డు మీద మూడో లైను వైపు వేలు చూపించింది.

“ఈడ ఆగిన మేడం.”

“ఆగినవా? అంటే?”

“ఈడి దాక వచ్చిన. ఈడ ఆగిన. దీని తర్వాతి పాఠం మాకు ఇంక చెప్పలేదు.”

రాజేశ్వర్ రావు సార్ గట్టిగా నవ్వాడు.

“ఈ అమ్మాయి క్లాసులకు సరిగ్గ రాదు మేడం. పేరు సారలమ్మ. ధ్యాసంతా జాతరల మీదనే.”

కమిటీలో ఒకాయన మర్యాద కోసం నవ్వాడు. సారలమ్మ ముఖం మాడిపోయింది. వేలు ఇంకా బోర్డు వైపే చాచి ఉంది, దించాలో వద్దో తెలియక అలాగే నిలబడింది. పదకొండు వారాల్లో ఒక్క రోజు మానని పిల్ల. వాన కురుస్తుంటే పుస్తకాలు కవర్లో చుట్టుకుని ఖిలా నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చిన పిల్ల. పాఠం చెప్పే దిక్కు లేకుండా చేసినవాడు ఆ పిల్లను రాదని అన్నాడు. చాలదన్నట్టు తల్లి మొక్కుకుని పెట్టిన పేరును పదిమందిలో వేళాకోళం చేశాడు. ఆ గదిలో నవ్వకూడదన్న కట్టుబాటు ఒకటే ఉండేది, దాన్ని కూడా తొక్కేశాడు. స్నేహలతకు కాళ్ళ దగ్గర మొదలైన మంట నెత్తికెక్కింది. ప్రాజెక్టు మార్కులు, గ్రేడ్లు, ఏవీ గుర్తు రాలేదు. చివరి బెంచీలోంచి లేచింది.

“సారలమ్మ రోజూ వస్తది మేడం. రానిది లెక్కల సార్.”

“కూసో స్నేహలతా” అన్నాడు రాజేశ్వర్ రావు సార్, నవ్వు ఆగిపోయి.

“కూసోను సార్. ఆగిన. నేను ఆగిన మేడం. ఆగస్టు నుంచి వీళ్ళకు లెక్కల సార్ లేడు. నేనే చెప్తున్న. నేను గూడ ఇదే కాలేజీల చదివే పిల్లను. నాకు తెల్వనిది తప్పు చెప్పిన, అందరు తప్పు రాసిన్రు. పాఠం సార్ చెప్పాలె. అర్థం గాని కాడ పక్కన కూసునుడు నా పని. పక్కన కూసునే దాని మీదనే మొత్తం ఏసిన్రు.”

పెన్సిల్ డబ్బాలోంచి ఆ చీటీ తీసి, ముందుకు నడిచి, కళావతి మేడం చేతిలో పెట్టింది. మేడం చీటీ చదివి, కుర్చీ వైపు చూసింది. ఓంప్రకాశ్ సార్ మెల్లగా లేచి నిలబడ్డాడు. ‘నాది ఫిజిక్సండీ’ అన్నాడు, ఎవరూ అడగకముందే. శశాంక్ చాక్‌పీసు బల్ల మీద పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

“నేను గూడ ఈ రూముల చెప్పుడు ఇవ్వాళే మేడం.”

కళావతి మేడం ఎవరినీ తిట్టలేదు. సుద్దముక్క అందుకుని, సారలమ్మ వేలు చూపిన మూడో లైను దగ్గర మొదలుపెట్టి, నిలబడే ఇరవై నిమిషాలు పాఠం చెప్పింది. చీటీలో ఉన్న అనుమానం కూడా అందులోనే తీర్చింది. సూత్రాన్ని ఎక్కడ వాడకూడదో తెలుసుకున్నప్పుడు స్నేహలతకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత చిన్న సంగతి. అడగడానికి ఒక మనిషి ఉంటే రెండు నిమిషాల్లో తీరిపోయేది.

కమిటీ వెళ్ళిపోయిన సాయంత్రం రాజేశ్వర్ రావు సార్ పిలిచి కాలేజీ పరువు బజార్లో పెట్టావన్నాడు. పీర్ ట్యూటర్ల జాబితాలోంచి పేరు కొట్టేశానన్నాడు. ఫ్లెక్సీ మీది జాబితాలో తన పేరు అసలే లేదని స్నేహలత గుర్తు చేయలేదు. ప్రాజెక్టులో పాసు మార్కులు మాత్రమే పడ్డాయి, అంతకంటే ఒక్కటీ ఎక్కువ లేదు. ఆ మాటకు స్నేహలత తల్లి చిలుకమ్మ ఇంట్లో రెండు రోజులు శాపనార్థాలు పెట్టింది.

పది రోజులకు వెంకట్రాజం అనే కొత్త లెక్కల సార్ వచ్చాడు. కమిటీ రాసిన రిపోర్టు వల్ల వచ్చాడో, భయం వల్ల వచ్చాడో ఎవరూ చెప్పలేదు. పదకొండు వారాలు దొరకని మనిషి పది రోజుల్లో ఎలా దొరికాడో కూడా చెప్పలేదు. ఆయన పొద్దునా సాయంత్రం క్లాసులు తీసుకుని పరుగులు పెట్టించాడు. నలభై మూడు మందిలో ముప్పై ఆరు మంది గట్టెక్కారు. సారలమ్మకు యాభై నాలుగు వచ్చాయి. తప్పిన ఏడుగురి పేర్లు స్నేహలతకు ఈ రోజుకీ వరసగా గుర్తే. ఆ ఏడుగురి లెక్క ఎవరిని అడగాలో ఆమెకు బాగా తెలుసు.

ఫిబ్రవరిలో ఒక రోజు రాజేశ్వర్ రావు సార్ వరండాలో ఎదురొచ్చాడు. నవంబర్ సంగతి అసలు జరగనట్టే ముఖమంతా నవ్వు.

“స్నేహలతా, కంప్యూటర్స్ మేడం మానేసిందమ్మా. ఫస్టియర్ వాళ్ళకు నువ్వయితే మంచిగ చెప్తవ్. కొన్ని రోజులు మేనేజ్ చెయ్యి.”

వరండాలో పిల్లలు వస్తూ పోతూ ఉన్నారు. స్నేహలత చంకలో పుస్తకాలు సర్దుకుని, అందరికీ వినబడేలా చెప్పింది.

“కొత్త మేడం ఎప్పుడొస్తదో చెప్పుండ్రి సార్. ఆమె పొద్దున పాఠం చెప్పిన రోజు నాలుగింటికి పన్నెండో రూముల ఉంట. అప్పటి దాక మాత్రం ఆగిన.”

పక్కనే వెళ్తున్న సారలమ్మ అది విని ఆగింది. చేతిలో పుస్తకం మూసి, వచ్చి స్నేహలత పక్కన నిలబడింది.

“నేను గూడ ఆగిన సార్” అంది.